తొమ్మిదో గది

నిన్నటి నీలగిరి కొమ్మలు వాడిపోయాయి. హసింతా వాటిని ఆవిరి గొట్టం మీంచి లాగి బకెట్లో పడేసింది. కొత్త కట్ట విప్పి, ఒక్కో కొమ్మా విరిచి గొట్టానికి వేలాడగట్టింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని టైల్స్ అరుగులు బ్లీచింగ్ నీళ్ళతో రుద్దడం మొదలుపెట్టింది. గోడ అవతల బాయిలరు దగ్గుతోంది. ఇంకాసేపట్లో ఆవిరి వస్తుంది, వెనకాలే ఆడవాళ్ళు వస్తారు. ఈలోగా అరుగుల మీద జిగురు లేకుండా చూడాలి. ఎవరైనా జారిపడితే మాట పడేది తనే.

ఆమె చేతులు మణికట్టు దాకా నాని, తెల్లబడి, ముడతలు పడి ఉంటాయి. ఆ పైన మామూలు మట్టిరంగు. చిన్నపిల్లగా దక్షిణాన ఓహాకా కొండల్లోంచి రాజధానికి వచ్చి మా గెర్రెరో పేటలోని ఈ స్నానాల ఇంట్లో పనికి కుదిరింది. పెళ్ళి చేసుకున్నా, మొగుడు చెప్పాపెట్టకుండా పోయినా, మర్నాడు పొద్దున్నే వచ్చి ఇవే అరుగులు తోమింది. ఇప్పుడు అరవై దాటింది. మా పేట ఆడవాళ్ళ వీపులు హసింతాకు తెలిసినంతగా వాళ్ళ మొగుళ్ళకు తెలియవు. ఏ వీపు మీద ఏ మచ్చ ఉందో, ఏది కాలిన మచ్చో, ఏది కొట్టిన మచ్చో ఆమె ఎరుగును. ఎవరినీ అడగదు, ఎవరికీ చెప్పదు.

గొడవంటే ఆమెకు భయం. పాము చావాలి, కర్ర విరగకూడదు, అదీ ఆమె పద్ధతి. అత్తకూ తనకూ వంటింట్లో పడకపోతే అత్తకు కిటికీ పక్కన వేరే పొయ్యి పెట్టించింది. ఆ ముసలావిడ పోయేదాకా దాని దగ్గరే ఒంటరిగా వండుకుని తింది. చెల్లెలు పెళ్ళి కాకుండా కడుపుతో వస్తే, నలుగురూ నాలుగు మాటలంటారని పక్క పేటలో మంచి గది చూసి, మెత్తని పరుపు కొని పెట్టింది. చెల్లెలు పురుడు పోసుకుని వెళ్ళింది, మళ్ళీ అక్క గుమ్మం తొక్కలేదు. అంత మంచి పరుపు కొనిపెడితే ఎందుకలా చేసిందో హసింతాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఇవాళ సోమవారం. సోమవారం అంటే జులేమా వచ్చే రోజు. పొద్దుటి నుంచీ అరుగులు తోముతున్నా హసింతా మనసంతా ఆ సంగతి మీదే ఉంది.

జులేమా సంత వెనక జుట్టు కత్తిరించే కొట్టు నడుపుతుంది. శని, ఆదివారాలు ఊపిరాడనంత పని, సోమవారం సెలవు. మనిషి పొడగరి, భుజాలు వెడల్పు, నవ్విందంటే బాయిలరు గది దాకా వినిపిస్తుంది. మగపిల్లాడిగా పుట్టిందన్న సంగతి పేటంతా ఎరుగును, ఆమె కూడా ఎప్పుడూ దాచలేదు. ఎన్నో ఏళ్ళ కిందట మొదటిసారి ఒంటికి తువ్వాలు గట్టిగా చుట్టుకుని అందరూ కలిసి స్నానం చేసే పెద్దగది గుమ్మంలో నిలబడిపోయింది. లోపలున్న ఆడవాళ్ళు మాటలాపేశారు. అప్పుడు కూరగాయలమ్మే బర్తోలా, దేవుడామె ఆత్మకు శాంతినివ్వాలి, అరుగు మీంచి కేకేసింది. "ఆవిరంతా బయటికి పోతోంది, తలుపెయ్యి! వచ్చి నా వీపు రుద్దు." అంతే. ఆ రోజు చట్టం ఏమంటుందని ఎవరూ అడగలేదు.

పెద్దగదిలో ఆనవాయితీ అది. ఎవరి వీపు వాళ్ళకు అందదు కదా. ఒంటరిగా వచ్చినావిడ పక్కనున్నావిడకు పీచు అందిస్తుంది. ఇద్దరికీ పేర్లు తెలియకపోయినా సరే, ఈమె ఆమె వీపు రుద్దుతుంది, ఆమె ఈమెది రుద్దుతుంది. ఆ తర్వాత ఇద్దరూ వీధిలో ఎదురుపడితే పలకరించుకోకుండా పోరు. డబ్బున్నవాళ్ళకు విడిగా గదులున్నాయి. గడియ, కుళాయి, ఒక బల్ల. అందులో ఎంతసేపైనా స్నానం చేయొచ్చు, వీపు తప్ప.

పోయిన వారం ఒతీలియా తువ్వాళ్ళ గదిలోకి వచ్చింది. సంతలో కోళ్ళ కొట్టు ఆవిడది. పల్చటి మనిషి, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడుతుంది. ఈ స్నానాల ఇంటికి రావడం మొదలుపెట్టి ఎక్కువ రోజులు కాలేదు.

"జులేమా మీద నాకు పగేం లేదక్కా. నా జుట్టు కత్తిరించేది కూడా ఆవిడే," అంది తువ్వాలు అంచు నలుపుతూ. "కానీ ఆవిరి కమ్ముకున్నాక ఏమీ కనపడదు గదా. అప్పుడా గొంతు వినపడితే తువ్వాలు చుట్టేసుకుని గోడకు నక్కుతా. మా అమ్మ రెండో మొగుడిది అలాంటి గొంతే. గడియ పెట్టుకోకుండా నేను బట్టలు విప్పే చోటు ఈ భూమ్మీద ఇదొక్కటే. ఇక్కడ కూడా..."

"అయ్యో తల్లీ! నువ్వేం దిగులు పెట్టుకోకు. నేను చూసుకుంటాగా," అంది హసింతా.

ఒతీలియా ఇంకేదో చెప్పబోయింది. హసింతా ఆమె బుగ్గ తట్టి, మళ్ళీ తువ్వాళ్ళు మడవడంలో పడింది. ఎవరైనా బాధ చెప్పుకుంటుంటే ఆమె చివరిదాకా వినలేదు, మధ్యలోనే మందు వెతుక్కుంటుంది.

టీవీలోనూ అదే గోల. టికెట్ల కిటికీ పక్కనున్న టీవీలో రోజూ ఇద్దరు లాయరమ్మలు జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేస్తున్నారు. చట్టసభలో కొత్త నిబంధనల మీద చర్చట. ఆడవాళ్ళకని ఉన్న చోటుకు ట్రాన్స్ మహిళ వస్తే ఆపకూడదంది ఒకావిడ; మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఒళ్ళు తడిమి చూస్తారా అని అడిగింది. బట్టలిప్పి కూర్చునే చోట ఎవరుండాలో చెప్పే హక్కు ఆడవాళ్ళకు లేదా, వాళ్ళ భయం భయం కాదా అని రెండో ఆవిడ. టీవీ పక్కనే నారింజ రసం తీసి అమ్మే పిల్ల పళ్ళు కోస్తూనే ఇద్దరి మాటలూ విని, "వీళ్ళిద్దరిదీ నిజమేలా ఉందే! అదీ చిక్కు," అని మళ్ళీ రసం పిండింది.

యజమాని, అందరూ మర్యాదగా డోన్ అని పిలిచే ఫెర్మిన్‌కు చిక్కులంటే గిట్టదు. హసింతా ఒతీలియా మాట ఆయన చెవిన వేస్తే, "ఎటు తేలినా కత్తి నా పీక మీదకే. జులేమాను ఆపితే నా మీద ఫిర్యాదు. ఆపకపోతే ఒతీలియాలాంటి వాళ్ళు మానేస్తారు. ఆడవాళ్ళ వైపు నీది హసింతా, ఎలా సర్దుతావో సర్దు," అని చేతులు దులుపుకున్నాడు.

సర్దడమంటే హసింతాకు వెన్నతో పెట్టిన విద్య. రెండు రాత్రులు ఆలోచించి దారి కనిపెట్టింది. విడి గదుల్లోకెల్లా మంచిది తొమ్మిదోది. నీలం టైల్స్, వెడల్పాటి తొట్టి, పైన కిటికీ. పెళ్ళికూతుళ్ళు అడిగి మరీ తీసుకుంటారు. పెద్దగది టికెట్టుకే జులేమాకు ఆ గది ఇస్తే? ఆమెకు మర్యాద, ఒతీలియాకు నిశ్చింత, డోన్ ఫెర్మిన్‌కు శాంతి. ఎవరి మనసూ నొచ్చుకోదు. తన తెలివికి తానే మురిసిపోయింది పిచ్చితల్లి.

అరుగులు తోమడం అయ్యాక తొమ్మిదో గది కూడా తుడిచింది. కాగితం విప్పని కొత్త సబ్బు పెట్టింది. రోజ్‌మేరీ కొమ్మ ఒకటి తొట్టి అంచున ఉంచింది. మెత్తని తువ్వాళ్ళు ఏరి మడత పెట్టింది.

జులేమా వచ్చేసరికి పెద్దగది నిండుతోంది. భుజానికి సంచి, చెవులకు పెద్ద పోగులు. వస్తూనే రసం పిల్లను "ఏమే, నీ పళ్ళు తియ్యగా ఉన్నాయా, నీలాగా పుల్లగా ఉన్నాయా?" అని ఆటపట్టించి, హసింతా బుగ్గ మీద ముద్దు పెట్టి, పెద్దగది వైపు నడిచింది. హసింతా చెయ్యి పట్టుకుని ఆపి, అటు కాదు ఇటు అని తీసుకెళ్ళి తొమ్మిదో గది తలుపు తెరిచింది.

"ఇదేంటక్కా! ఇవాళ నా పుట్టినరోజు కాదే. నాకు తెలీకుండా నా పెళ్ళి గానీ చేస్తున్నారా?" జులేమా పకపకా నవ్వింది.

"ఇకనుంచి ప్రతి సోమవారం ఇది నీదే. టికెట్టు అదే. నీ ఇష్టం వచ్చినంతసేపు ఉండు."

జులేమా ఇంకా నవ్వుతూనే సబ్బు చూసింది, రోజ్‌మేరీ కొమ్మ చూసింది, తువ్వాళ్ళు చూసింది. అప్పుడు నవ్వు ఆగింది.

"ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదమ్మా. నీ సుఖం కోసమే."

"ఎవరో చెప్పు. నేను మాట్లాడతా. కొట్టనులే."

"ఎవరూ లేరంటే! ఆ చట్టమేదో తేలేదాకా..."

"చట్టం పొమ్మంటే తిట్టుకునేదాన్ని. గుమ్మంలో నిలబడి అరిచేదాన్ని, నాకు చేతకాని పనా అది? నువ్వేమో చేతిలో సబ్బు పెట్టి పంపుతున్నావు. నిన్నెట్టా తిట్టను?"

హసింతా తొట్టి అంచు మీది కొమ్మను సర్దింది. చెల్లెలు పరుపు వైపు చూసిన చూపు ఎందుకో గుర్తుకొచ్చింది. నోరు తెరిచి, నిజం చెప్పేద్దామా అనుకుంది. చెబితే ఒతీలియా పేరు బయటపడుతుంది, మాటా మాటా పెరుగుతుంది, పెద్దగదిలో రచ్చ అవుతుంది. నోరు మూసుకుంది.

జులేమా సంచి బల్ల మీద పెట్టింది. మామూలు గొంతుతోనే, "మరి నా వీపెవరు రుద్దుతారు?" అని అడిగింది.

"నేనొస్తాగా! పెద్దగదిలో వాళ్ళకు తువ్వాళ్ళిచ్చి వచ్చేస్తా."

"వస్తావుగా?"

"వస్తానన్నానుగా తల్లీ."

పెద్దగదిలో ఆవిరి దట్టంగా ఉంది. హసింతా తువ్వాళ్ళు పంచి, మురుగు దగ్గర అడ్డంపడ్డ ఆకులు తీసి, వెనక్కి తిరగబోతుంటే ఒతీలియా పీచు చాపింది. ఇన్నాళ్ళూ ఆమె ఎవరినీ వీపు రుద్దమని అడగలేదు. తానే చెయ్యి మెలితిప్పి అందినంత మేర రుద్దుకునేది. ఇప్పుడు అడిగితే కాదనడం ఎలా? హసింతా ఆమె వెనక కూర్చుంది. పీచు తగలగానే ఆ వీపు ముందు బిగుసుకుంది, తర్వాత మెల్లగా వదులైంది. ఒతీలియా కోళ్ళ గురించి, మేనకోడలి గురించి ఏవేవో కబుర్లు చెప్పింది. ఆమె అంతసేపు మాట్లాడటం ఎవరూ ఎరగరు. హసింతా ఆ వీపును వదల్లేకపోయింది. ఆ తర్వాత బాలింత ఒకామె వచ్చింది, పసిబిడ్డను ఎత్తుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎవరికో కళ్ళు తిరిగితే బయటికి తెచ్చి ఉప్పు, నిమ్మకాయ ఇచ్చింది. తొమ్మిదో గది గుర్తు లేక కాదు. ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అనుకుంది. నిజం చెప్పాలంటే, ఆ మొహం మళ్ళీ చూడ్డానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

బట్టలు కట్టుకునే చోట ఒతీలియా జుట్టు తుడుచుకుంటూ, "జులేమా రాలేదా ఇవాళ?" అని అడిగింది.

హసింతా గర్వంగా, గొంతు తగ్గించి, తాను చేసిన ఏర్పాటు చెప్పింది. ఒతీలియా చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"నేనామెను పంపెయ్యమన్నానా?"

"పంపెయ్యలేదు తల్లీ, మంచి గదే ఇచ్చా..."

"ఆ రోజు నన్ను పూర్తిగా చెప్పనిచ్చావా? ఒకసారి ఆవిడా నేనూ బయట కూర్చుని మాట్లాడుకుంటే బాగుండునని చెబుదామనుకున్నా. ఆవిడ ఏమనేదో నాకు తెలీదు. నా భయం తగ్గేదో లేదో అదీ తెలీదు. కానీ నా నోటితో నేను చెప్పుకునేదాన్ని. చిన్నప్పట్నుంచీ అంతే. నా కోసమని చెప్పి ఎవరో ఒకరు తలుపులేస్తారు, నన్నడక్కుండా." ఒతీలియా కళ్ళు తుడుచుకుంది. నేల చూస్తూ, "అయినా ఇవాళ హాయిగా ఊపిరి పీల్చుకున్నానక్కా. అదీ అబద్ధం కాదు. అందుకే నా మీద నాకే అసహ్యంగా ఉంది," అంది.

హసింతా తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ విడి గదుల వైపు దాదాపు పరిగెత్తింది. నడవలో డోన్ ఫెర్మిన్ ఎదురయ్యాడు.

"జులేమా తాళంచెవి ఇచ్చి ఇందాకే వెళ్ళిపోయింది. బాగా సర్దావు హసింతా, చీమ చిటుక్కుమనలేదు."

"ఏమన్నా చెప్పిందా?"

"వచ్చే సోమవారం కూడా ఈ గది ఉంచమంటావా అనడిగా. వద్దులే డోన్ ఫెర్మిన్, అంది. అంతే."

టీవీలో లాయరమ్మలు ఆ తర్వాత చాలాకాలం పోట్లాడుకున్నారు. ఎవరు గెలిచినా మా పేట స్నానాల ఇంట్లో జులేమా నవ్వు మళ్ళీ వినపడలేదు. ఆమె కొట్టు ముందు నుంచి పోవాల్సి వస్తే హసింతా చుట్టూ తిరిగి పోయేది. వెళ్ళి ఒక్కమాట చెప్పొచ్చు కదా అని మేమంతా అన్నాం. ఏమని చెప్పనమ్మా, అనేది.

ఆ సోమవారం మాత్రం డోన్ ఫెర్మిన్ దగ్గర్నుంచి నేరుగా ఆమె తొమ్మిదో గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. తొట్టి పొడిగానే ఉంది. బల్ల మీద, కొట్లో జుట్టు కత్తిరించేటప్పుడు భుజాలకు కప్పే పాత గుడ్డ ఒకటి విప్పి పరిచి ఉంది. దాని పక్కన ప్లాస్టిక్ గిన్నెలో జుట్టుకు వేసే రంగు. ముదురు గోధుమ రంగు, హసింతా జుట్టుకు ఎప్పుడూ వేసేది. పాపిట్లో తెల్లవెంట్రుకలు కనపడితే జులేమా ఊరుకునేది కాదు, తనే రంగు వేసేది; ఇవాళా వేద్దామని సంచిలో తెచ్చినట్టుంది. రంగు ఒకసారి కలిపాక ఎక్కువసేపు ఆగదని హసింతాకు తెలుసు. అంటే జులేమా కోపంతో కూర్చోలేదు. హసింతా వస్తుందని నమ్మింది, నమ్మి కలిపింది, కలుపుకుని ఎదురుచూసింది. గిన్నెలో రంగు నల్లబడి, గట్టిపడి, అందులో గుచ్చిన కుంచె పక్కకు ఒరగకుండా అలాగే నిలబడి ఉంది.