మాస్టారి జాకీ, ఆవిడ మొద్దు

లెక్కల మాస్టారికి తన కారు మీద ఎంత ప్రేమో, మెకానిక్కుల మీద అంత అనుమానం. ఆయిల్ మార్చాలన్నా, బ్రేకులు బిగించాలన్నా బండిని షెడ్డుకి పంపరు గాక పంపరు. ఆదివారం పొద్దున్నే పాత ప్యాంటు తొడుక్కుని, చక్రాల జాకీని గడగడలాడిస్తూ ఇంటి ముందుకి ఈడ్చుకొస్తారు. దానికి ఇరవై ఏళ్లు. దాన్నెవరైనా ఒక్క మాటంటే ఆయనకి ఒళ్లు మండుతుంది.

ఆయన కారు కిందికి దూరడమే తరువాయి, భార్య ఓ చెక్క మొద్దు దొర్లించుకుంటూ వచ్చేస్తుంది. దాని మీద గోనెసంచి కప్పి ఉంటుంది. కింద పడుకున్న మాస్టారికి కారు అంచున ఆ మొద్దూ, పక్కన ఆవిడ పాదాలూ కనబడతాయి. మాటలు మాత్రం దండిగా వినబడతాయి. తీరిగ్గా కూర్చుని తనని ఆటపట్టించడానికే వస్తుందని మాస్టారి నమ్మకం. మెకానిక్ కూతురు కదా, నోరూరుకోదు మరి!

ఈ ఆదివారం మాస్టారు ముందు చక్రం గాల్లోకి లేపి, స్పానరు కోసం లోపలికెళ్లారు. వెతికి తెచ్చేసరికి చక్రం నేల మీదుంది.

వంటింటి కిటికీలోంచి భార్య తొంగిచూసింది. "ఏమండీ, మీ జాకీ కూలబడిందా?"

"కూలబడలేదు. కాస్త అలిసింది."

"ఇరవై ఏళ్లు చాకిరీ చేసింది పాపం. పెన్షనిచ్చి పంపెయ్యకూడదూ?"

మాస్టారు వినబడనట్టు నటించారు. ప్రెషర్ వదిలే స్క్రూ వదులైందేమోనని బిగించారు. మళ్లీ లేపితే మళ్లీ దిగింది. లోపల గాలి చేరిందేమోనని స్క్రూ వదిలి, రబ్బరు బిరడా తీసి, పిడిని పదిహేనుసార్లు ఎడాపెడా కొట్టారు. బుడగలొచ్చాయి. "చూశావా! రోగం కుదిరింది!" అని కేకేసి, ఆయిల్ నింపి, బిరడా పెట్టి, స్క్రూ బిగించి, మళ్లీ లేపారు. ఈసారి కారు పక్కన స్కేలు నిలబెట్టి, గడియారం పట్టుకుని కూర్చున్నారు. పది నిమిషాలకి సరిగ్గా అంగుళం దిగింది.

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, జాకీ కింద తడిగా ఉన్న మరకని వేలితో చూపించింది. "లోపలి రబ్బరు సీళ్లు పోయాయి. పోయినేడు ఆయిల్ తగ్గిందని ఇందులో ఏం పోశారు?"

"బ్రేక్ ఆయిల్. ఇంట్లో మిగిలింది. ఏ ఆయిలైతే ఏం?"

"హవ్వ! మా నాన్న వింటే ఉన్నపళంగా మూర్ఛపోయేవాడు. దానికి లోపలి రబ్బరు పాడవదూ? ఇక దీనికి వైద్యం లేదు, కొత్తది కొనండి."

మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "పోయిన ఆదివారం నలభై అయిదు నిమిషాలు మోసింది! పది నిమిషాలకి అంగుళం అనుకున్నా, నలభై అయిదు నిమిషాలకి నాలుగున్నర అంగుళాలు. నా ఛాతీకీ ఇంజనుకీ మధ్య ఖాళీ మహా అయితే మూడు..."

లెక్క అక్కడ ఆగిపోయింది. బళ్లో ఏ పిల్లాడి ముందూ తడబడని మాస్టారు వేళ్ల మీద మళ్లీ లెక్కేసుకున్నారు.

"మరి నేనెలా బతికున్నానే?"

మాస్టారి చూపు గోడవారనున్న మొద్దు మీద పడింది. వెళ్లి గోనెసంచి తీశారు. మొద్దు నెత్తిన కారు అంచు దిగిన గాట్లు, ఒకదాని పక్కన ఒకటి. పాతవి నల్లబడ్డాయి. కొత్తవి లోతుగా, తెల్లగా ఉన్నాయి.

"జాకీ లేపడానికే, మొయ్యడానికి కాదని మా నాన్న అనేవాడు. మీరు లోపలికి దూరగానే ఇది కారు కిందికి తోసేదాన్ని. మీరు బయటికొచ్చి చేతులు కడుక్కునేలోపు, జాకీ నాలుగుసార్లు కొట్టి కారు లేపి, మొద్దు లాగేసేదాన్ని."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పాను. జాకీ కొన్న కొత్తలోనే. 'మెకానిక్ కూతురివైతే మెకానిక్కువా?' అన్నారు."

మాస్టారికి భయం వేసింది, దానికి రెట్టింపు సిగ్గేసింది. "మొద్దు కారు కిందుంటే, నువ్వు దేని మీద కూర్చునేదానివి?"

"కూర్చోవడమెక్కడ? నిలబడేదాన్ని."

సాయంత్రానికల్లా కొత్త జాకీ వచ్చింది. దాంతోపాటు కారు కింద నిలిపే ఇనప స్టాండ్లూ వచ్చాయి. కొట్లో మాస్టారు నోరెత్తలేదు. ఎన్ని టన్నులది కావాలో, ఏ ఆయిల్ పొయ్యాలో అన్నీ ఆవిడే అడిగింది.

మరుసటి ఆదివారం కారు లేచింది. స్టాండ్లు నిలిచాయి. మాస్టారు బండిని అటూ ఇటూ ఊపి చూశారు. ఆవిడ అలవాటుగా మొద్దు దొర్లించబోతే, ఆయన అందుకుని, తనే కారు కిందికి తోశారు. తర్వాత లోపలికెళ్లి తన పడక్కుర్చీ మోసుకొచ్చి, కారు పక్కన వేశారు. ఆ కుర్చీలో ఇంతవరకూ ఆయన తప్ప ఎవరూ కూర్చోలేదు.

ఆవిడ దాన్ని ఎగాదిగా చూసింది. "ఇదైనా నిలబడుతుందా, లేక ఇందులోనూ బ్రేక్ ఆయిల్ పోశారా?"

"కూర్చోవే తల్లీ," అన్నారు మాస్టారు, కారు కిందికి జరుగుతూ. "కూర్చుని, ఇంకేం తప్పు చేశానో చెప్పు. ఈసారి వింటాను."