మొక్కు తీరిన తల

మా తిరుపతిలో ఆడపిల్లల బడి హైస్కూలైన కొత్తలో హెడ్మాస్టరమ్మ సంతోషమ్మగారు. వేలూరు వైపు క్రైస్తవురాలు. పిల్లలను పంపమని ఇల్లిల్లూ తిరిగారు. మా వీధివాళ్లం మజ్జిగ ఇచ్చి పంపాం గానీ పిల్లలను పంపలేదు. ఆమె వెళ్లిపోయాక జ్ఞానాంబగారు వచ్చారు. మనవాళ్ల మనిషే కదా అని మా అమ్మాయి అలమేలును ఫోర్త్ ఫారంలో చేర్చాను.

1948 వేసవిలో పాకాలలో అల్లుడు జ్వరంతో పోయాడు. అలమేలు ఇంకా కాపురానికే వెళ్లలేదు. మా ఇంటి ఆచారం ప్రకారం మా అమ్మ మంగలి మునస్వామిని పిలిపించి పిల్లకు తల గొరిగించింది. నేను అరుగు మీద విష్ణు సహస్రనామం చదువుతున్నాను. ఎక్కడ ఆపానో గుర్తులేదు. అలమేలు ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు.

బడి తెరిచాక జ్ఞానాంబగారు ఇంటికి వచ్చారు. "పాపను పంపించండి."

"ఈ తలతో యాడికమ్మా పంపేది? ఎదురొస్తే జనం పక్కకి పోరా?" అంది అమ్మ.

"తిరుపతిలో గుండును చూసి పక్కకి పోతే నడిచేదానికి చోటుంటాదా పెద్దమ్మా?"

అమ్మ లేచి లోపలికి వెళ్లింది. మర్నాడు నేనే వెంట వెళ్లాను. గేటు దగ్గరే పిల్లలు అలమేలును చుట్టుముట్టారు.

"కొండకి పోయొచ్చినావా? మాకు వడ ప్రసాదం యాడే?"

"ఏం మొక్కుకున్నావే, పరీక్ష పాసయ్యేదానికా?"

"గంధమన్నా పూసుకోలేదే, ఎండకి మండదా?"

అలమేలు నా వైపు చూసింది. జ్ఞానాంబగారు వరండాలో నిలబడి విన్నారు, కాదనలేదు. నేను బజారుకు వెళ్లి, కొండ నుంచి తెచ్చిన వడలు అడిగి కొని, ఇచ్చి వచ్చాను. అందరూ కళ్లకద్దుకుని తిన్నారు. సాయంత్రం గోవిందరాజస్వామి ముందు నిలబడి, ఇది అబద్ధమా స్వామీ అని అడిగాను. హారతి అయిపోయింది, తలుపులు వేశారు.

నెల తిరగ్గానే మునస్వామి మళ్లీ కత్తుల పొదితో వచ్చాడు. అమ్మ పెరట్లో పీట వేసింది. అలమేలు పుస్తకం మూసి, తనంతట తనే వచ్చి తల వంచుకుని కూర్చుంది. తల మీద అప్పుడే నల్లగా వెంట్రుకలు వస్తున్నాయి.

"మొక్కు ఒకసారే గదా నాయనా. ఈసారి బడిలో ఏమని చెప్పేది?" అంది, నేలను చూస్తూ.

"మా మొక్కు తీరిపోయిందప్పా. నువ్వు పో," అన్నాను మునస్వామితో.

"ఏం మొక్కురా? ఎవురు మొక్కినారు?" అంది అమ్మ.

"నేను."

ఎప్పుడు మొక్కానో, ఏమని మొక్కానో నాకే తెలియదు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మునస్వామి పొది చుట్టుకుని వెళ్లాడు.

అలమేలు పీట మీద అలాగే తల వంచుకుని ఉంది. అతను వెళ్లిపోయాడని మళ్లీ చెప్పాల్సి వచ్చింది.