తొక్కకూడని చేను

పక్కీరప్ప వెనక్కి నడుస్తున్నాడు. వీపున డబ్బా, ఎడమచేతిలో పంపు పిడి, కుడిచేతిలో గొట్టం. పత్తి నిన్ననే విత్తారు. నల్లరేగడి ఇంకా తడిగానే ఉంది. మొలక రాకముందే కలుపు మందు మట్టి మీద పొరలా పరుచుకోవాలి. ఆ పొర మీద కాలు పడితే పగులుతుంది, పగిలిన చోట గడ్డి లేస్తుంది. అందుకే కొట్టేవాడిది వెనక నడక. ఆ నడకకు అతని మడమలు చీలాయి, మందుకు గోళ్లు పచ్చబడ్డాయి.

మొగుడు దూరం పోతున్నా అతని ముఖం చూసే భాగ్యం పక్కీరప్ప పెళ్లాం హంపమ్మ ఒక్కదానిదేనని వాళ్ల ఊరు రూపనగుడి ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

ఆ హంపమ్మ ఇప్పుడు ఎదురుగా, అతను మొదలుపెట్టిన గట్టు మీద నిలబడి ఉంది. అడుగు అడుగుకూ చిన్నదవుతోంది.

కలుపు తీసే ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. చైనా ఓడలకు ఇనుపరాయి పోతున్న ఆ ఏళ్లలో కూలీలంతా గనులున్న సండూరు కొండల దారి పట్టారు. మనుషులు దొరక్క రైతులు కలుపు మందు కొట్టించడానికి దిగారు. కొండకు పోయిన హంపమ్మ అక్క ఎర్రదుమ్ము దగ్గుతో అక్కడే పోయింది. పెళ్లాం కూడా కొండకు పోకూడదనే పక్కీరప్ప డబ్బా ఎత్తుకున్నాడు. అతను కొట్టిన చేనల్లా ఆమెకు పని లేని చేనైంది. ఒక్కడి కూలితో పొయ్యి రెండుపూటలా వెలగలేదు.

“బండి వస్తాండాది,” హంపమ్మ గొంతెత్తింది. “గుంపంతా కొండకు పోతాండారు. నువ్వు ఉండమంటే ఉంటా. ఇప్పుడే చెప్పప్పా.”

మట్టి ఆరితే మందు పట్టదు.

“ఈ డబ్బా అయిపోనీ,” అన్నాడు.

ఆమె రోడ్డు వైపు తిరిగింది.

గట్టు పక్క రోడ్డు మీద ట్రాక్టరు ఆగింది. డబ్బాలో ఇంకా సగం ఉంది. ట్రాలీలోంచి ఆడవాళ్లు చేతులు చాచి హంపమ్మను పైకి లాగడం అతనికి స్పష్టంగా కనిపించింది. పంపు మీద చెయ్యి ఆగిపోయింది.

పక్క గట్టున చేను యజమాని హొన్నప్ప కూర్చుని ఉన్నాడు. గడ్డిపోచకు కూడా కసురుకునే మనిషి. ఆయన లేచి నిలబడ్డాడు.

“ఏం చూస్తాండావప్పా? చేనుకు అడ్డంపడి పరుగెత్తు. తొక్కితే తొక్కినావు, మల్లా కొడుదువులే.”

పక్కీరప్ప కాలెత్తాడు. ముందర తడి నేల, మందు పట్టి మెరుస్తోంది. ఎత్తిన కాలు దాని మీద దిగలేదు. మందు పడని పక్కకు తిరిగి గట్టెక్కింది. చేను చుట్టూ గట్టు పట్టుకుని పరుగెత్తాడు. వీపు మీద మందు తొణుకుతోంది. డబ్బా దింపాలని కూడా తోచలేదు.

మూల తిరిగేసరికి ట్రాక్టరు కదిలింది. హంపమ్మ అతన్నే చూస్తోంది. ఆపమని డ్రైవరుకు చెప్పలేదు. దుమ్ము లేచి ఆమెను కప్పేసింది.

చేనులో మందు పొర మీద ఒక్క అడుగు పడలేదు.

పనికి పోయేటప్పుడు చీర మీద ఆమె తొడుక్కునే అతని పాత చొక్కా గట్టు మీది తుమ్మకంపకు వేలాడుతోంది. ఆమె మణికట్టు దాకా మడిచిన చొక్కా చేతులు మడిచినట్టే ఉన్నాయి, చంకల్లో చెమట ఇంకా ఆరలేదు.