పటకారు ఆపిన చోట

సాయంత్రం ఐదూ నలభైకి ఎక్స్‌రే టెక్నీషియన్ ఆ రోజుకి ఆఖరి పేషంటు అరచేతిని పలక మీద బోర్లా పెట్టించి, "కదలకండి" అంది. అనేసి అద్దం వెనక్కి వెళ్లి, తను మాత్రం మడమ ఆడిస్తూ బటన్ నొక్కింది. రోజూ పొద్దుటి నుంచి అందరికీ ఆ మాటే చెబుతుంది. ఆ మాట ఆమెకి ఎవరైనా చెప్పినా లాభం లేదు. ముప్ఫై ఐదేళ్ల ఒంట్లో ఎక్కడో ఒక చోట ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది. మడమ, లేదంటే మోకాలు, రెండూ ఊరుకుంటే ఎడమచేతి వేళ్లు. ఆ వేళ్లు గాల్లోనే తీగలు నొక్కుతుంటాయి.

పేషంటు యాభై దాటిన టైలరమ్మ. తెర మీద ఆమె బొటనవేలి మొదట్లో, ఎముక పక్కనే, ఎముక కన్నా తెల్లగా ఒక చిన్న గీత కనిపించింది. విరిగిన సూది మొన.

"కుడుతుంటే దిగిందా అక్కా?"

"మొన్నామధ్య స్కూలు పిల్లల నీలం గౌన్లు కుడుతున్నాను. మా అన్నయ్య వాయిస్తుంటే బల్ల జరిగొచ్చి మిషన్‌ని గుద్దింది. చెయ్యి సూది కిందకి పోయింది."

"ఏం వాయిస్తుంటే?"

"బేస్ గిటారు. మెట్లు లేనిది."

టెక్నీషియన్ మడమ ఆగిపోయింది.

ఆ వాయిద్యగాణ్ణి ఊళ్లో ఎరగనివాళ్లు తక్కువ. పేరుతో ఎరిగినవాళ్లు ఇంకా తక్కువ. అందరికీ ఆయన పటకారు. వయసులో ఉన్నప్పుడు తన గిటారు మెడ మీద స్వరాలకి హద్దులుగా ఉండే ఇత్తడి మెట్లన్నీ పటకారుతో పీకేసి, ఆ గాట్లలో చెక్కపొడీ జిగురూ కూరి నున్నగా చేసుకున్నాడు. మెట్టుంటే వేలు కాస్త అటూ ఇటూ పడ్డా స్వరం సరిగ్గానే పలుకుతుంది. లేకపోతే వెంట్రుకవాసి తేడాకి కూడా దొరికిపోతారు. ఎందుకొచ్చిన కష్టం అని ఎవరైనా అడిగితే, "మెట్టుకీ మెట్టుకీ మధ్య కూడా మనుషులు కాపురముంటున్నారు. వాళ్లనీ పలకరించాలి కదా" అనేవాడు. ఆ మధ్యనున్నవాళ్లని పలకరించడంలో ఆయనకి ముందు ఎవరూ లేరు. తర్వాత కూడా ఇంతవరకూ ఎవరూ రాలేదు.

ఆయన వాయిస్తే గదిలో బరువైన వస్తువులు ఆయన వైపు జరిగేవి. ఒక్కో పాటకి ఒక్కో దారిలో వచ్చేవి. బ్యాండులో డ్రమ్మరు తన డ్రమ్ముల స్టాండుని వేదిక చెక్కకి మేకులు కొట్టి బిగించుకున్నాడు. హోటళ్లలో వాయించే రోజున సర్వర్లు గాజు సామాను ముందే కింద పెట్టేవాళ్లు. ఇంట్లో చెల్లెలు బట్టలు కత్తిరించే ఇనపకాళ్ల బల్ల పెంపుడు కుక్కలాగా ఆయన కుర్చీ దాకా వచ్చి ఆగేది. కింది వాటావాళ్లు పైకొచ్చి, బల్ల కాళ్లకి రబ్బరు తొడుగులు వేయించమన్నారు. వేయించారు. నెల తిరక్కుండానే అవి అరిగిపోయాయి. ఆ తర్వాత కింది వాటావాళ్లు చప్పుడుకి అలవాటు పడ్డారు.

చెల్లెలి చేతిలో సూది దిగిన రోజే ఆయన బేస్‌ని పెట్టెలో పెట్టేశాడు. మళ్లీ తీయలేదు. కొద్దిరోజులకి బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుని నిద్రపోయి, ఆఖరి స్టాపు వచ్చినా లేవలేదు.

టెక్నీషియన్ ఆయన్ని దూరం నుంచి ఒక్కసారే చూసింది. అప్పటి నుంచి తనూ మెట్లు లేని బేస్ ఒకటి కొనుక్కుని, రికార్డులు పెట్టుకుని ఆయన వరసలు నేర్చుకుంటోంది. అన్నీ వచ్చు. ఒక్కో స్వరం, ఒక్కో జారుడు, ఊపిరి తీసుకునే చోటుతో సహా వచ్చు. ఇంట్లో మాత్రం చెంచా కూడా కదల్లేదు.

"ఇదిగో, గ్లాసు కదిలిందే!" అని వాళ్లమ్మ ఒకరోజు వంటింట్లోంచి కేకేసింది. పరిగెత్తుకెళ్లి చూస్తే, "నేనే కదిపాలే. కాసేపైనా ఆ మోత ఆపుతావని" అంది.

అందుకే ఆ సాయంత్రం సిగ్గు వదిలేసి అడిగింది. "అక్కా, ఒకసారి మీ ఇంటికి రావచ్చా?"

"వచ్చి?"

"ఆ బల్ల చూస్తాను."

టైలరమ్మ ఆమెని కింద నుంచి పైదాకా, కొలతలు తీసుకుంటున్నట్టు చూసింది. "చూడ్డానికి టిక్కెట్టేం లేదు. రా."

*

ముందుగదిలో నల్ల గచ్చు. గచ్చు నిండా బల్లకాళ్లు గీసిన గీతలు. కొన్ని గోరుతో గీసినట్టు సన్నగా, కొన్ని వేలు పట్టేంత లోతుగా. టైలరమ్మ సుద్దముక్క పట్టుకుని వాటి మధ్య తిరుగుతూ ఒక్కోదాన్నీ చూపించింది.

"ఇది వాన పాట. ఇది లారీ పాట, ఇక్కడ మలుపు తిరుగుతుంది చూడు. ఇదేమో అన్నయ్యకి జలుబు చేసినప్పుడు వాయించింది, దాన్ని పట్టించుకోకు."

గది మధ్యలో బల్ల అడ్డంగా నిలబడి ఉంది. దాని కాళ్ల కింద ఒక లోతైన గీత తలుపు నుంచి మొదలై, పటకారు కుర్చీ దాకా చేరకుండా సగంలోనే తెగిపోయింది.

"ఇది కొత్త పాట. ఇంకా పేరు పెట్టలేదు. ఇక్కడికొచ్చేసరికి నేను అబ్బా అని అరిచాను. అంతే, ఆపేశాడు."

"అప్పటి నుంచి బల్ల ఇక్కడే ఉందా?"

"మరి? దాన్ని చేత్తో నెట్టే అలవాటు మా ఇంట్లో లేదమ్మా. పాట తెస్తుంది, పాట తీసుకుపోతుంది. నేను పక్క నుంచి ఒదిగి నడుస్తున్నాను."

రోజూ డ్యూటీ దిగగానే టెక్నీషియన్ బేస్ వీపున వేసుకుని అక్కడికే వెళ్లడం మొదలుపెట్టింది. పటకారు కుర్చీలో కూర్చోలేదు, ఎదురుగా ఒక స్టూలు వేసుకుంది. మొదటి రోజుల్లో బల్ల ఉలకలేదు, పలకలేదు.

"నీ వేలు అనుమానప్పక్షి" అంది టైలరమ్మ, మిషన్ మీద నుంచి తలెత్తకుండా. "ప్రతి స్వరం దగ్గరా ఆగి అడ్రసు కనుక్కుంటోంది. అన్నయ్య వేలు ముందు ఇంట్లోకి దూరిపోయేది, ఎవరిల్లో తర్వాత చూసుకునేది."

ఒక సాయంత్రం లారీ పాటకి బల్ల కిర్రుమంది. మర్నాడు జానెడు జరిగింది. ఆ వారాంతానికి మలుపు కూడా తిరిగింది. టెక్నీషియన్ ఆ రాత్రి అన్నం తింటూ కూడా కాళ్లు ఆడించింది. వాళ్లమ్మ కంచం పట్టుకోవలసి వచ్చింది.

రికార్డు లేని ఆ కొత్త పాటని నేర్చుకోడానికి ఒకటే దారి. పాత పాటలతో బల్లని గీత మొదటికి తెచ్చి, కాళ్లు గీత తప్పకుండా నడిచేదాకా వేళ్లు వెతుక్కోవాలి. స్వరం కాస్త ఎక్కువైతే కాళ్లు గోడ వైపు, తగ్గితే మిషన్ వైపు ఒరిగేవి. కొన్ని చోట్ల టైలరమ్మ పెదాలు మూసుకుని కూనిరాగం తీసేది. గీత తెగిన చోట సుద్దతో ఒక అడ్డగీత గీసి పెట్టింది.

"ఇది దాటకు" అంది. అని తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుంది. ఆ చేత్తో కత్తెర పట్టుకుని నాలుగు కత్తిరింపులు పడేసరికి బొటనవేలు మొద్దుబారిపోతోంది. మొన నరానికి ఆనుకుని ఉందనీ, తీస్తే వేలికి స్పర్శ పోయినా పోవచ్చనీ, తీయకపోతే ఎలాగూ పోతుందనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చాడు.

"స్పర్శ పోతే ఏం చేస్తావక్కా?"

"నీ దగ్గర బేస్ నేర్చుకుంటాను. నీకున్న స్పర్శ కూడా అంతంతమాత్రమేగా."

*

డ్రమ్మరు ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. పటకారుతో వయసంతా కలిసి వాయించినవాడు. పొడుగ్గా, కాస్త వంగి ఉంటాడు. గదిలోకి రాగానే ఖాళీ కుర్చీని ఒకసారి చూసి, మళ్లీ అటు చూడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, నీకు చెల్లెమ్మ చెప్పే ఉంటుంది. వచ్చే ఆదివారం ఆయన కోసం ఒక కచేరీ పెడుతున్నాం. కొత్త పాట వాయిస్తాం. ఆయన ఆపిన చోట అందరం ఒక్కసారిగా ఆపేస్తాం. దీపాలు కూడా ఆర్పేస్తాం. జనానికి అర్థమవుతుంది."

"తర్వాత?"

"తర్వాతేముంది? అయిపోయింది." గొంతు సవరించుకున్నాడు. "అక్కడిదాకా గీత తప్పకుండా వాయించి, సరిగ్గా అక్కడ ఆపితే బ్యాండులో ఆయన చోటు నీది. ఒక్క కచేరీకే కాదు, ఎప్పటికీ."

టెక్నీషియన్‌కి ఏళ్ల తరబడి ఉన్న కోరిక అదే. ఎక్స్‌రే గదిలో చీకట్లో నిలబడ్డప్పుడల్లా అనుకున్నది అదే. స్టూలు మీద కూర్చుని, రెండు మడమలూ నేలకి నొక్కిపెట్టి, మొదలుపెట్టింది.

బల్ల కదిలింది. నాలుగు కాళ్లూ గీతలో పడి, తాడు కట్టి లాగినట్టు వచ్చాయి. డ్రమ్మరు చేతివేళ్లు తనకి తెలియకుండానే తొడ మీద తాళం వేస్తున్నాయి. టైలరమ్మ మిషన్ ఆపి, కళ్లు మూసుకుంది. జారుళ్లన్నీ జారాయి. ఊపిరి తీసుకోవాల్సిన చోట బల్ల కూడా ఒక్క క్షణం నిలబడి మళ్లీ కదిలింది. ముందుకాళ్లు సుద్దగీతని తాకాయి. డ్రమ్మరు ఆపమన్నట్టు చెయ్యెత్తాడు.

వేలు ఆగలేదు.

ఆమె ఆపాలనే అనుకుంది. పలక మీద చెయ్యి పెట్టిన ప్రతివాళ్లకీ చెప్పే మాట తనకీ చెప్పుకుంది. అయినా చూపుడువేలు తీగ మీద ఇంకా పైకి జారింది. పటకారు ఎన్నడూ వెళ్లని చోటుకి, రెండు స్వరాల మధ్య ఎవరి ఇల్లూ కాని సందులోకి దూరింది. అక్కడ కాసేపు వణికి, మరో దారిన దిగింది. బల్ల సుద్దని తొక్కేసి గీతలోంచి పైకి లేచింది. కుర్చీ వైపు వెళ్లలేదు. గుండ్రంగా తిరిగి, శుభ్రంగా ఉన్న గచ్చు మీద కీచుమంటూ కొత్త గీత గీసుకుని వెళ్లి కిటికీ కింద గోడకి కొట్టుకుంది.

"అబ్బా!" అంది టైలరమ్మ, చీమ కుట్టినట్టు చెయ్యి విదిలిస్తూ.

కింది వాటాలో ఎవరో కుక్కర్ దించారు.

"ఇది ఆయనది కాదు" అన్నాడు డ్రమ్మరు.

"కాదండీ."

"ఆయన వాయిస్తే అన్నీ ఆయన దగ్గరికి వచ్చేవి. నీది చూడు, ఎటో పోయింది. నీ దగ్గరికి ఏమొచ్చింది?"

డ్రమ్మరు కోపంగా లేడు. మొహంలో అలసట మాత్రం ఉంది. ఇంకోసారి ఎవరినో పోగొట్టుకున్నవాడిలా జేబులోంచి మడతపెట్టిన కాగితం సంచీ తీశాడు. అందులో చుట్టచుట్టిన పాత తీగలున్నాయి.

"గీత మీద ఉన్నంతసేపు ఆయనే వచ్చి వాయించినట్టుంది. అందుకని ఇంకో మాట చెబుతున్నాను. ఇవి ఆయన తీగలు. ఎక్కించుకుని శనివారం రిహార్సల్‌కి రా. గీత దాటనని మాటివ్వు. ఆ చోటు నీదే."

"సరేనండీ" అంది టెక్నీషియన్, సంచీ అందుకుని.

ఆయన వెళ్లాక టైలరమ్మ సుద్దపొడి తుడుస్తూ, "నువ్వు సరేనన్నావు గానీ నీ కాలు వద్దంటోంది, చూసుకున్నావా?" అంది.

ఆపరేషన్‌కి ముందు మరో ఫిలిం కావాలని డాక్టరు అడిగాడు. బుధవారం టైలరమ్మ వచ్చి చెయ్యి బోర్లా పెట్టింది. "కదలకండి" అంది టెక్నీషియన్ అలవాటుగా. తెర మీద ఎముకలన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. సూది మొన లేదు. చెయ్యి పక్కకి తిప్పి ఇంకోటి తీసింది. మణికట్టు తీసింది. మోచెయ్యి దాకా తీసింది. డాక్టరు వచ్చి మిషన్ చెడిపోయిందన్నాడు. పక్క గదిలోని మిషన్ మీద తీయించి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, తేదీ కొట్టేశాడు.

"ఎటు పోయుంటుంది?" అంది టైలరమ్మ, బొటనవేలిని మడిచి, తెరిచి, మళ్లీ మడుస్తూ. "కొంపదీసి గుండెలోకి గానీ పోలేదు కదా?"

"గుండె కూడా తీశానక్కా. అందులో ఏమీ లేదు."

"ఏమీ లేదా? మా అన్నయ్య కూడా అదే అనేవాడు." నవ్వుతూ లేచింది. కిటికీ కింద బల్లకి వెలుతురు బాగా పడుతోందనీ, గౌన్లు అక్కడే కత్తిరిస్తున్నాననీ, కత్తెర ఇప్పుడు చెప్పిన మాట వింటోందనీ చెప్పి వెళ్లిపోయింది.

శనివారం రిహార్సల్ గదికి టెక్నీషియన్ అందరికన్నా ముందే వెళ్లింది. కాగితం సంచీని డ్రమ్మరు చేతిలో పెట్టింది. లోపల తీగలు చుట్టచుట్టినట్టే ఉన్నాయి.

"ఎక్కించలేదేం?"

"ఎక్కిద్దామనే కూర్చున్నానండీ, నిన్న." బేస్‌ని ఆయన ఒళ్లో పెట్టి, సగం వదులు చేసిన మూడో తీగని వేలితో పక్కకి జరిపి పట్టుకుంది. "చూడండి."

డ్రమ్మరు కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని వంగాడు. తీగ కింద, దాని స్వరాన్ని పట్టుకునే గుండ్రటి అయస్కాంతపు బొడిపె మీద, విరిగిన మిషన్ సూది మొన నిటారుగా నిలబడి ఉంది. మొన దగ్గరి బెజ్జంలో ఇంకా ఒక దారప్పోగు చిక్కుకుని ఉంది. నీలం రంగుది.