ఇద్దరికీ ఒకటే బరువు

యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో అందరికంటే ముందు పని మొదలుపెట్టేది సమ్మక్క. అడిక్‌మెట్ నుంచి నడిచి వచ్చి, పొయ్యిలు రాజేసి, ఉప్మాకి ఎసరు పెట్టేసరికి పిల్లలు పళ్ళు తోముకుంటూ వంటగది గుమ్మం దగ్గర చేరేవాళ్ళు. "ఇయ్యాల గూడ ఉప్మానేనా?" అని ఒకరు మూతి ముడిస్తే, "తిని పో బిడ్డా, క్లాసుల నిద్రొస్తది, ఆకలన్న కాకుంట ఉంటది" అనేది. అందరికీ జవాబు చెప్పేది, చేతులు మాత్రం ఆపేది కాదు.

వంటగదిలో మిగతావాళ్ళకి పీటలుండేవి. సమ్మక్కకి గోడవారగా ఒక బండ వేయించారు. అంతకుముందు రెండు పీటలు, ఒక బెంచీ విరిగాయి మరి. ఆమె లావు మనిషేం కాదు. సన్నగా, పొడుగ్గా ఉండేది. బరువంతా తన దగ్గరున్న రోజు కింద ఏదున్నా విరిగేది. లేని రోజు ఈదురుగాలి వస్తే కిటికీ ఊచ పట్టుకుని నిలబడేది.

సమ్మక్కకీ ఆమె తమ్ముడు దానయ్యకీ కలిపి ఒకటే బరువు. అతను పుట్టినప్పటి నుంచీ అంతే. ఇద్దరు మనుషుల బరువూ ఒక కుప్పగా ఉండేది; అందులోంచి ఒకరు ఎంత తీసుకుంటే రెండోవాళ్ళకి అంత తగ్గేది. చిన్నప్పుడు తమ్ముడు చింతచెట్టు ఎక్కుతుంటే అక్క కింద కూర్చుని మొత్తం తన మీద వేసుకునేది. అక్క బిందెలు మోసుకొస్తుంటే తమ్ముడు ఇంటి అరుగు మీద నుంచే "ఇటియ్యక్కా" అనేవాడు. ఇద్దరి మధ్యా ఎంత దూరమున్నా అడ్డు కాదు. అడిక్‌మెట్ రిక్షావాళ్ళు ఆమెను చూడగానే, "ఇయ్యాల నీ దగ్గరున్నదా, తమ్ముని దగ్గరున్నదా?" అని అడిగి ఎక్కించుకునేవాళ్ళు.

దానయ్య మౌలాలి అవతల రాళ్ళ క్వారీలో కూలి. పగుళ్ళిచ్చిన బండ కింద పని చెయ్యమని మేస్త్రి దబాయించిన రోజున గొడవైంది. మాటా మాటా పెరిగి దానయ్య గడ్డపార ఎత్తాడు. మేస్త్రి పోయాడు. ఆపబోయిన కాపలా మనిషి కూడా పోయాడు. కొట్టలేదని దానయ్య ఏనాడూ అనలేదు. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది, పైకోర్టు ఖాయం చేసింది. తమ్ముణ్ణి లోపలేసిన రోజు నుంచీ సమ్మక్క బరువు చాలావరకు తన దగ్గరే పెట్టుకుంది; నిద్రలో మాత్రం తనకి తెలియకుండా కొంత అతని దగ్గరికి జారేది. కటిక నేల మీద పడుకునేవాడికి ఆ ఒక్కటైనా తేలిగ్గా ఉండాలని.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున ఆమె తార్నాకకి నడిచింది. అక్కడ కాత్యాయని ఇల్లుంది. లా చదివిన మూడేళ్ళూ ఆ హాస్టల్లోనే ఉండి, జ్వరమొస్తే సమ్మక్క కాచిన గంజి తాగిన పిల్ల. ఇప్పుడు హైకోర్టులో జూనియర్ వకీలు. తండ్రికి దగ్గర్లోని పరిశోధనశాలలో ఉద్యోగం వచ్చాక, కుటుంబమంతా గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడింది.

గేటు దాటుతుంటే సమ్మక్క కాళ్ళ కింద నాపరాళ్ళు కుంగాయి. కాత్యాయని తల్లి కమలాదేవి చూసి, "కుర్చీలో వద్దులే సమ్మక్కా, ఇలా అరుగు మీద కూర్చో" అని కాఫీ తెచ్చిచ్చింది.

"తమ్ముని అర్జీకి ఢిల్లీకెల్లి జవాబొచ్చిందట కాత్యాయనమ్మా," అంది సమ్మక్క. "మాఫీ ఇయ్యరట. దినం ఇంక చెప్తలేరు."

కాత్యాయని పక్కనే కూర్చుంది. 

"వాడు తప్పు చెయ్యలేదని నేను అనను. రెండిండ్లల్ల దీపం తీసిండు. ఒక్కటే అడుగుత, చెప్పు. ఎట్ల చేస్తరు?"

"ఏది?"

"అదే. ఉరి. ఎంతసేపు పడ్తది? వానికి తెలుస్తదా? నువ్వు సదువుకున్నవు గద."

చదువుకున్న మాట నిజమే. ఏ నేరానికి ఏ సెక్షనో కాత్యాయనికి నోటికొచ్చు. 'చచ్చేవరకు మెడకు ఉరివేసి వేలాడదీయాలి' అన్న వాక్యం కూడా వచ్చు. ఆ వాక్యం మొదటికీ చివరికీ మధ్య ఏం జరుగుతుందో మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

"తెలుసుకుంటాను" అంది.

మర్నాడు మధ్యాహ్నం క్యాంపస్ లైబ్రరీలో కూర్చుని జైళ్ళ నిబంధనలు చదివింది. ఉరికి ముందురోజు ఖైదీని తూస్తారు. అంత బరువున్న ఇసకమూటను వేలాడదీసి తాడుని పరీక్షిస్తారు. మనిషి తేలికైతే తాడు పొడుగు, బరువైతే పొట్టి. ఇంకో పుస్తకం తీసింది. ఒక పరదేశపు డాక్టరు, లెక్క తప్పితే ఏమవుతుందో రాశాడు. తాడు చాలకపోతే మెడ విరగదు, ఊపిరాడక మనిషి చాలాసేపు కొట్టుకుంటాడు. తాడు ఎక్కువైతే ఏమవుతుందో కూడా రాశాడు. అది చదివి కాత్యాయని బయటికొచ్చి, కుళాయి దగ్గర మొహం మీద నీళ్ళు చల్లుకుని, రాతిమెట్ల మీద కాసేపు కూర్చుంది. ఎండలో పిల్లలు పరీక్షల గురించి మాట్లాడుకుంటూ పోతున్నారు. లేచి మళ్ళీ లోపలికెళ్ళి, లైబ్రరీ మూసేదాకా రాసుకుంటూనే ఉంది.

ఆమె సీనియర్ పార్థసారథి ముప్పై ఏళ్ళుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్న మనిషి. కాగితాలు చూసి కళ్ళజోడు తీసేశాడు. 

"ఉరిశిక్షే వద్దని వేసిన పిటిషన్లన్నీ కొట్టేశారమ్మాయ్. మనం వేసిందీ ఓడిపోయింది."

"శిక్ష గురించి కాదు సార్. పద్ధతి గురించి. ప్రాణం తీస్తే చట్టం చెప్పిన పద్ధతిలోనే తియ్యాలని కదా రాజ్యాంగం. బరువు తెలియని మనిషికి ఆ పద్ధతి ఎలా నడుస్తుంది? తెలిసిన మనిషికైనా ఒక్క క్షణంలో అయిపోతుందని ఎవరు తేల్చారు?"

"కోర్టులో నవ్వుతారు."

"నవ్వడం అయిపోయాక వింటారు కదా సార్."

పార్థసారథి పెన్ను అడిగి, ఆమె పేరు పైన తన పేరు కూడా రాశాడు. "నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వాలి" అన్నాడు.

నిజంగానే నవ్వారు. బార్ రూములో ఆమె వెళ్తుంటే మెడ తడుముకుని చూపించినవాళ్ళు కూడా ఉన్నారు. కాత్యాయని ఎవరికీ బదులివ్వలేదు. రిట్ వేసింది, విచారణ అయ్యేదాకా ఉరి ఆపించింది, అంతవరకు గెలిచింది.

విచారణ రోజున బెంచి మీద ఇద్దరు జడ్జీలు. ప్రభుత్వ వకీలు ధీమాగా లేచాడు. "పద్ధతి పూర్తిగా శాస్త్రీయం మిలార్డ్. బరువుని బట్టి తాడు కొలుస్తారు. క్షణంలో ముగుస్తుంది."

పెద్ద జడ్జీ అడిగాడు. "అయితే ఈ ఖైదీ బరువెంత?"

ప్రభుత్వ వకీలు వెనక్కి తిరిగి జైలు సూపరింటెండెంట్ వైపు చూశాడు. ఆయన లేచి, టోపీ చేతుల్లో తిప్పుతూ, "ఎప్పటి బరువు సార్?" అన్నాడు.

"అంటే?"

"అక్క పనిలో ఉన్నప్పుడు ఒకటుంటది. ఆమె పడుకుంటే ఇంకొకటుంటది సార్. మేం కాటాలు గూడ మార్చి చూసినం."

కోర్టు యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ని పిలిపించింది. ఆయన లేబొరేటరీ త్రాసుతో జైలుకెళ్ళి, దానయ్యని తూచి వచ్చి, బోనులో నిలబడి చెప్పాడు. "త్రాసులో దోషం లేదు. బరువూ నిజమైనదే. అయితే అది ఖైదీ ఒక్కడిదే కాదు."

"అది తెలిసిందేగా" అని చిన్న జడ్జీ తలూపి రాసుకున్నాడు.

ప్రభుత్వ వకీలుకి ఒక ఆలోచన వచ్చింది. "ఆ అక్కని పిలిపించండి మిలార్డ్. ఆ ఒక్కపూట ఆమె సగం, అతను సగం ఉంచుకుంటే చిక్కే లేదు."

సమ్మక్క బోనెక్కుతుంటే చెక్కలు మూలిగాయి. తెలుగొచ్చిన పెద్ద జడ్జీయే అడిగాడు. "అమ్మా, నీ వాటా సగం నీ దగ్గర పెట్టుకుని, మిగతా సగం కదలకుండా అతని దగ్గర ఉంచగలవా?"

"ఉంచగల్గుత సారూ."

"ఉంచుతావా మరి?"

"మా తమ్మున్ని ఉరి తీసేతందుకు నేను తూకం సరిజేసియ్యాల్నా?" సమ్మక్క గొంతు పెంచలేదు. "ఇయ్య."

"కోర్టు ఆజ్ఞ ఇస్తే?"

"ఇయ్యుండ్రి. నన్ను గూడ లోపలెయ్యుండ్రి. మొత్తం నా మీదనే ఏసుకుంట. మీరు కింద పలక తీస్తే వాడు కిందికి పడడు సారూ. గాడనే గాలిల నిలవడ్తడు."

కాత్యాయని లేచింది. "శిక్ష పడింది ఒకరికి మిలార్డ్. దాన్ని సక్రమంగా అమలు చెయ్యడానికి తోబుట్టువు సాయం చెయ్యాలని ఏ చట్టంలో ఉందో ప్రభుత్వం చూపించాలి. ఇంకొక మాట. క్షణంలో ముగుస్తుందని ప్రభుత్వం తరఫు మిత్రులు అన్నారు. ఆ మాట ప్రమాణం చేసి చెప్పడానికి ఒక్క డాక్టర్ని కూడా తేలేదు. ఇది దానయ్య ఒక్కడి సంగతి కాదు. బరువు నిలకడగా ఉన్నవాళ్ళ సంగతి కూడా."

ప్రభుత్వ వకీలు పుస్తకాలు తిరగేశాడు. ఆయన చూపించదగ్గది ఏదీ దొరకలేదు. తీర్పు వాయిదా పడింది.

బయట వరండాలో ఒక నడివయసు ఆమె కాత్యాయనికి అడ్డంగా వచ్చి నిలబడింది. ప్రతి వాయిదాకీ వచ్చి చివరి బెంచీలో కూర్చునే మనిషి. పేరు శివమ్మ. దానయ్యని ఆపబోయి చచ్చిపోయిన కాపలా మనిషి పెళ్ళాం.

"వానికి నొప్పి కావొద్దని ఇంతమంది కొట్లాడుతున్రు," అంది. "మా ఆయన పొద్దుగూకే దాంక కొట్టుకున్నడు. ఆయనకెట్ల అయిందని ఒక్కలన్న అడిగిన్రా?"

వెనకాలే వస్తున్న సమ్మక్క ఆ మాట విని ఆగిపోయింది. తల ఎత్తలేదు. 

కాత్యాయని దగ్గర చాలా జవాబులున్నాయి. అన్నీ చట్టం పుస్తకాల్లోవి. "లేదమ్మా," అంది. "ఎవరూ అడగలేదు. అడగాల్సింది."

శివమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "వానికైనా అట్ల కావొద్దులే" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ రోజు తార్నాక బస్సులో కాత్యాయని కిటికీ పక్కన కూర్చుని, చేతిలో కేసు కట్ట ఉందన్న సంగతి మర్చిపోయి, దిగాల్సిన చోట దిగకుండా ముందుకెళ్ళిపోయింది.

వానలు పడ్డాక తీర్పు వచ్చింది. ఉరితీసే పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధం కాదు. బరువు తూచగలిగిన మనిషి విషయంలో దాన్ని క్రూరమని అనలేం. ఈ ఖైదీ విషయంలో మాత్రం నిబంధనల ప్రకారం అమలు చెయ్యడం సాధ్యం కాదు గనక ప్రభుత్వం శిక్ష గురించి పునరాలోచించాలి. కొన్నాళ్ళకి దానయ్య ఉరి యావజ్జీవంగా మారింది.

హాస్టల్లో పిల్లలు ఆ సాయంత్రం సమ్మక్క చుట్టూ చేరి గోల చేశారు. సమ్మక్క ఏడవలేదు, నవ్వలేదు. "బిడ్డలారా, అన్నం మాడుతది, జరుగుండ్రి" అంటూ పొయ్యి దగ్గరికి పోయింది. మర్నాడు మాత్రం సెలవు పెట్టి శివమ్మ ఇల్లెక్కడో కనుక్కుని వెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ చెప్పలేదు.

పార్థసారథి జూనియర్లందరికీ కాఫీ తెప్పించి, "నవ్వినవాళ్ళు ఇప్పుడు తీర్పు నకలు అడుగుతున్నారమ్మాయ్" అన్నాడు సంబరంగా. 

"ఓడిపోయాం కదా సార్" అంది కాత్యాయని.

"మనిషి బతికాడు."

"మనిషి బతికాడు. కేసు ఓడిపోయాం."

తీర్పు సంగతి దానయ్యకి తనే వివరంగా చెప్పాలని జైలుకెళ్ళింది. దానయ్య ఊచలవతల నిలబడి, చేతులు కట్టుకుని విన్నాడు. బక్కపల్చటి మనిషి. మాటలు తక్కువ. అంతా విన్నాక దండం పెట్టాడు.

"అమ్మా, నా పక్క గదిల ఇన్నయ్య అని ఒకాయన ఉన్నడు. ఆయనకు గూడ ఉరే. మీ తీర్పు జవానుతోటి సదివిచ్చుకున్నడు. 'బరువు తూచగలిగిన మనిషి' అనేకాడ ఆపి, మల్లొకపారి సదువుమన్నడు."

"తర్వాత?"

"అంత విన్నంక నా దిక్కు చూసి, 'నాకు అక్క లేదు దానయ్యా' అన్నడు."

కాత్యాయని సంచీ పట్టుకుని లేవబోతున్నదల్లా మళ్ళీ కూర్చుంది. వాన పెద్దదైంది. జైలరు వచ్చి టైమైందని గుర్తు చేశాడు.

"ఇన్నయ్యని పిలిపించండి," అంది. "నేను అతని వకీలుని."

"ఆయనకు వకీలెవరూ లేరు కదమ్మా. ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచి."

దానయ్యని తీసుకెళ్ళారు. కొంతసేపటికి సంకెళ్ళ చప్పుడు దగ్గరైంది. నెరిసిన గడ్డం, వంగిన భుజాలు, మామూలు మనిషి. వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక జవాను వైపు చూశాడు. ఆమె సంచీలోంచి కాగితం తీస్తుంటే భయంగా అడిగాడు.

"నా తూకం చెప్పాల్నా అమ్మా?"

"వద్దు," అంది కాత్యాయని. "ముందు నీ పేరు, మీ నాయన పేరు చెప్పు."

అతను చెప్పాడు. ఆమె రాసుకుంది.