మీ పాపే వచ్చి అడగాలి

దుప్పట్లు ఇస్త్రీ చేసే రెండో రోలరు ఆగిపోయి గంటన్నర దాటింది. మెకానిక్ బయల్దేరాడని రెండుసార్లు చెప్పారు గానీ మనిషి మాత్రం రాలేదు. పైన హోటల్లో మూడు వందల గదులు. గదికి రెండు దుప్పట్లు, నాలుగు దిండు గలేబులు. అవన్నీ సాయంత్రం నాలుగింటికల్లా మడతలు పడి లిఫ్టు ఎక్కాలి. కింద యంత్రం ఆగిందని పైన గదులు ఖాళీగా ఉండవు. అందుకని ఇస్త్రీ గదిలో ఉన్న తొమ్మిదిమంది ఆడవాళ్లలో ఏడుగురు భోజనం డబ్బాలు విప్పకుండానే చేతి ఇస్త్రీ పెట్టెలు పట్టుకుని బల్లల ముందు నిలబడ్డారు.

మిగిలిన ఇద్దరు, అక్క, ఆమె తోటికోడలు, మడతల దగ్గర ఉన్నారు. ఆమెను ఆ గదిలో అందరూ అక్క అనే పిలుస్తారు. తోటికోడలు పిలుస్తుంటే విని మిగతావాళ్లకీ అదే అలవాటైంది. వయసులో తనకన్నా పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తుంటే మొదట్లో నవ్వుకునేది. పదకొండేళ్లలో నవ్వుకోవడం మానేసింది.

ఇద్దరూ చెరో కొస పట్టుకుని దులపడం, ఎదురెదురుగా నడిచి అంచులు కలపడం, మళ్లీ వెనక్కి నడవడం.

"అక్కా, ఈ కాళ్లు నావి కావు," అంది తోటికోడలు.

"పోనీ నావి తీసుకో. వీటిని వదిలించుకోవాలనే చూస్తున్నా."

తోటికోడలు నవ్వబోయి తలుపు వైపు చూసి ఊరుకుంది. సూపర్‌వైజర్ మేడమ్ వచ్చింది. మెకానిక్ సంగతి చెబుతుందేమోనని అందరూ తలలెత్తారు. ఆమె చేతిలో ఒక అట్ట, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం, దారంతో కట్టిన పెన్ను ఉన్నాయి. తలలు మళ్లీ వంగాయి.

అది మేడమ్ కూతురి బళ్లోంచి వచ్చిన కాగితం. ఆ బడివాళ్లు ఈత కొలను కట్టుకుంటున్నారు. పిల్లలు తలా నలభై బిస్కెట్ డబ్బాలు అమ్మాలి. డబ్బా మూడు వందల యాభై. అవే బిస్కెట్లు బయట దుకాణంలో రంగుల డబ్బా లేకుండా నూట ఇరవైకి దొరుకుతాయి. ఇస్త్రీ గదిలో రోజు కూలి నాలుగు వందల ఎనభై.

"మా పాప బడిది. ఎవరి ఇష్టం వాళ్లదే, బలవంతం ఏమీ లేదు," అంటూ మేడమ్ ఆ అట్టను మొదటి బల్ల మీద పెట్టింది. కాగితంలో మూడు గడులు. పేరు, ఎన్ని డబ్బాలు, సంతకం. అన్నిటికన్నా పైన మేడమే తన పేరు రాసుకుని, పక్కన ఆరు అని వేసింది. దాని కింద సున్నా వేయడానికి ఎవరికి చెయ్యొస్తుంది?

కిందటేడాది ఒకావిడ వేసింది. సున్నా కూడా కాదు, చిన్న గీత పెట్టి ఊరుకుంది. ఆ తర్వాతి సోమవారం డ్యూటీ బోర్డు మీద ఆవిడ పేరు తడిగది కింద ఉంది. తడిగదంటే, వాషింగు మిషన్లలోంచి నీళ్లోడుతున్న దుప్పట్లను ఎత్తి డ్రయ్యర్లలో పడేసే చోటు. అక్కడ ఎవరి నడుమూ రెండేళ్లు నిలబడదు. బోర్డు ఎందుకు మారిందని మేడమ్ చెప్పలేదు, ఆవిడ అడగలేదు. చెప్పకపోయినా అర్థమయ్యే సంగతి అది. ఆవిడ ఇప్పటికీ తడిగదిలోనే ఉంది.

కాగితం బల్ల బల్లకీ తిరుగుతోంది. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. రెండు రాసినావిడకి కిందటి నెల సెలవు కావాల్సి వచ్చింది, మేడమ్ ఇచ్చింది. తోటికోడలు పెన్ను అందుకుని ఒక్క క్షణం అక్క మొహం చూసింది. ఒకటి వేసి సంతకం పెట్టింది.

అక్క చేతులు దుప్పటి మీదే ఉన్నాయి గానీ ఆలోచన భోజనం సంచిలో ఉంది. ఆ సంచిలో పదిహేడు కార్డులు ఉన్నాయి.

ఆమె కూతురు నాలుగో తరగతి. ఆ పిల్ల బళ్లో మంచినీళ్ల ఫిల్టరు పాడైపోయి ఏడాది అయింది. కొత్తది కొనడానికి పిల్లలందరూ కార్డుల మీద బొమ్మలు వేశారు, తలా ఇరవై. కార్డు ఇరవైకి అమ్మాలి. ఎలా అడగాలో టీచరు నేర్పింది. తలుపు కొట్టి రెండడుగులు వెనక్కి నిలబడాలి. నమస్కారం పెట్టాలి. డబ్బు ఎందుకో చెప్పాలి. వద్దంటే పరవాలేదండీ అని వచ్చేయాలి, బతిమాలకూడదు. పిల్ల ఆ మాటలన్నీ పొల్లుపోకుండా పాటించింది. పది రోజుల్లో ముప్పై గుమ్మాలు ఎక్కి మూడు కార్డులు అమ్మింది. రోజూ సాయంత్రం వచ్చి, "వద్దన్నారమ్మా, పరవాలేదండీ అన్నాను," అని ఏదో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పేది. నిన్న మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పులు విప్పి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు అక్కే, "రేపు నాకివ్వు, మా పనిలో అడిగి చూస్తా," అని మాటిచ్చింది.

మాటైతే ఇచ్చింది గానీ పొద్దున్నుంచీ నోరు పెగల్లేదు. ఎవరిని అడగాలి? అందరూ తనలాంటివాళ్లే. అడిగితే మొహమాటానికి కొంటారు. ఆ మొహమాటం ఎంత బరువో తనకి తెలుసు.

కాగితం అక్క ముందుకొచ్చింది. మేడమ్ పక్కనే నిలబడి ఉంది. ఇదే సందు అనుకుని అక్క చెయ్యి తుడుచుకుని సంచిలోంచి కార్డుల కట్ట తీసింది.

"మేడమ్, మా పాప బళ్లో కూడా ఇలాగే ఇచ్చారు. పిల్లలే వేశారు బొమ్మలు. మంచినీళ్ల ఫిల్టరు కోసమట. ఇరవై మాత్రమే."

మేడమ్ కట్ట అందుకుంది. పైనున్న కార్డు మీద కొంగ ఉంది. ఒక కాలు పొడుగ్గా, ఒకటి పొట్టిగా కుదిరింది. "బాగుంది, బాగుంది," అంది. "కానీ ఇక్కడ అమ్మకాలు పెట్టకూడదమ్మా. పై వాళ్లు చూస్తే నన్నంటారు. ఇవాళ నువ్వు కార్డులంటావు, రేపు ఇంకొకరు ఇంకోటంటారు."

ఆమె ఆ మాట వేళాకోళానికి అనలేదు. నిజంగానే అలా అనుకుంటోంది. తన కాగితం, ఈ కార్డులు ఒకటే రకం వ్యవహారమని ఆమెకి తట్టలేదు. ఆమె కూడా ఒకప్పుడు ఇదే బల్ల దగ్గర ఇస్త్రీ చేసింది. మేనేజరు కొడుకు బడి కాగితం వచ్చినప్పుడల్లా ఇవాళ్టికీ నోరెత్తకుండా సంతకం పెడుతుంది.

"ఇంతకీ ఎన్నయ్యాయి?" అని తనలో తాను అనుకుంటూ మేడమ్ అట్టకున్న పెన్ను తీసింది. చేతిలో ఉన్న కార్డునే వెనక్కి తిప్పి లెక్క వేసుకుంది. ఆరు, ఒకటి, ఒకటి, రెండు. కింద గీత గీసి కూడింది. "పన్నెండు. నీది రాస్తే పదమూడు," అని కట్టను బల్ల మీద పెట్టి, లెక్క వేసిన కార్డును మాత్రం జేబులో పెట్టుకోబోయింది.

అక్కకి ఒంట్లో ఎక్కడో ఆవిరి గొట్టం పగిలినట్టయింది. అయినా గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది.

"ఆ కార్డు ఇరవై, మేడమ్."

"ఏ కార్డు?"

"మీ చేతిలోది. వెనక రాసేశారుగా. అది ఇంకొకరు కొనరు."

గదిలో ఒక్క ఇస్త్రీ పెట్టె కూడా కదలడం లేదు. మేడమ్ కార్డు వైపు చూసింది. మొహం ఎర్రబడింది. పర్సు తీసి ఇరవై బల్ల మీద పెట్టి, "ఇంత దానికి అలా మాట్లాడాలా? సరే, నీది రాయి. పనికి ఆలస్యమవుతోంది," అంది.

"నేను రాయను మేడమ్."

"డబ్బు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు. జీతంలో చూసుకుందాం."

"డబ్బు సంగతి కాదు. అమ్మేది మీ పాపైతే మీ పాపే వచ్చి అడగాలి. మా పిల్ల ముప్పై ఇళ్లు తిరిగింది. పాప అడిగితే కొంటానో లేదో పాపకే చెబుతాను. మీరు అడిగితే కొనక చస్తానా? అది కొనడం ఎలా అవుతుంది?"

తోటికోడలు వెనకనుంచి దుప్పటి కొస లాగింది. అక్క తిరిగి చూడలేదు. మేడమ్ అట్ట తీసుకుని వెళ్లిపోయింది. మెకానిక్ సంగతి ఎవరూ అడగలేదు.

"ఎందుకక్కా? మూడు వందల యాభైతో పోయేదానికి," అంది తోటికోడలు, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

"అదే నాకూ తెలీడం లేదు. పద, ఆ కొస పట్టుకో."

సోమవారం ఆమె పేరు తడిగది కింద ఉంది.

ఒక్క దుప్పటి తడిస్తే ఎంత బరువుంటుందో పదకొండేళ్లు ఆరిన దుప్పట్లు పట్టిన చేతులకి ఆ రోజు తెలిసింది. మధ్యాహ్నానికి భుజాలు పైకి లేవడం మానేశాయి. కిందటేడాది గీత పెట్టినావిడ అక్కడే ఉంది. నడుముకి గుడ్డ బిగించి కట్టుకుంది. "మోకాళ్లు వంచి ఎత్తు, నడుము వంచకు," అని చెప్పి తన పని తాను చేసుకుంది. వచ్చినందుకు జాలీ పడలేదు, మెచ్చుకోనూ లేదు. అక్కకి ఎవరి మీదో తెలియని కోపం రోజంతా రగులుతూనే ఉంది. మేడమ్ మీద, ఒకటి వేసిన తోటికోడలి మీద, ఈత కొలను మీద. ఇంత చేస్తే అమ్ముడైంది ఒక్క కార్డు. ఇంటికెళ్లి పిల్లకి ఆ ఇరవై ఇచ్చి, ఎవరు కొన్నారని అడిగితే మా మేడమ్ అని చెప్పింది. పిల్ల మొహం వెలిగింది. అది చూశాక ఆ కోపం ఇంకాస్త పెరిగింది.

బుధవారం సాయంత్రం బడి వదిలాక తడిగది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఒక పిల్ల. పదకొండేళ్లుంటాయి. బడి దుస్తులు, మెరిసే బూట్లు, రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకున్న బిస్కెట్ డబ్బా. వెనక అట్ట పట్టుకుని మేడమ్. పిల్ల మొహం చూసి వద్దనే గుండె ఎవరికి ఉంటుందిలే అన్న ధీమా ఆమె నిలబడ్డ తీరులోనే ఉంది.

"వెళ్లు. అడుగు," అంది మేడమ్.

పిల్ల నీళ్లు నిలిచిన నేల మీద అడుగు చూసి చూసి వేస్తూ వచ్చింది. మిషన్ల హోరుకి బెదిరిందో ఏమో, డబ్బాను ఇంకాస్త గట్టిగా హత్తుకుంది.

"ఆంటీ, బిస్కెట్లు కొంటారా?"

అక్క దుప్పటి కింద పెట్టి చేతులు తుడుచుకుంది. నాలుగు రోజులుగా మనసులో పదును పెట్టుకున్న మాటలన్నీ తల్లి కోసం దాచినవి. వాటిలో ఒక్కటీ ఈ పిల్లకి చెప్పేది కాదు.

"ఎందుకమ్మా ఈ డబ్బు?"

"స్విమ్మింగ్ పూల్‌కి."

"నీకు ఈత వచ్చా?"

"రాదు. నాకు నీళ్లంటే భయం."

గీత పెట్టినావిడ నవ్వింది. పిల్ల కూడా సిగ్గుపడుతూ నవ్వింది. అంత ముద్దుగా ఉన్న పిల్లకి ఆ మాట చెప్పడం అక్కకి తడి దుప్పటి ఎత్తడం కన్నా కష్టమైంది.

"బాగా అడిగావమ్మా. కానీ నేను కొనలేను. మూడు వందల యాభై నాకు చాలా ఎక్కువ. ఏమీ అనుకోకు."

పిల్ల ఏమీ అనుకోలేదు. తలూపి పక్కకి తిరిగింది. "మీరు, ఆంటీ?"

"నాకూ వద్దు తల్లీ," అంది గీత పెట్టినావిడ, అదేదో దారి అడిగితే చెప్పినంత తేలిగ్గా.

పిల్ల డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఏదో అర్థం కాక ఇద్దరి మొహాలూ చూసింది. "కిందటేడాది ఇక్కడ అందరూ కొన్నారుగా. ఒక్కరు కూడా వద్దనలేదని అమ్మ చెప్పింది."

అక్క కింద పెట్టిన దుప్పటి మళ్లీ ఎత్తింది. పిల్ల గుమ్మం వైపు తిరిగింది. మిషన్ల హోరులో తల్లికి వినపడాలని గొంతు పెద్దది చేసి అడిగింది.

"అమ్మా, వీళ్లు వద్దనొచ్చా?"

తడిగదిలో చేతులన్నీ ఆగాయి. మేడమ్ అట్టను ఛాతీకి అదుముకుని కూతురి వైపే చూస్తోంది. పెదవులు కదిలాయి. అవునందో కాదందో ఆ హోరులో ఎవరికీ వినపడలేదు. పిల్ల మాత్రం జవాబు కోసం అక్కడే నిలబడి ఉంది. మెరిసే బూట్ల చుట్టూ సబ్బు నీళ్లు మెల్లగా చేరుతున్నాయి.