రెండు వందల డెబ్భై ఒకటి

11,89,01,521 ప్రధాన సంఖ్య అని మా ఆయన త్ర్యంబక్ బాపట్ ఆ ఏడు పుణే అంతా చెప్పుకు తిరిగారు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగం పోదన్నమాట. అది తేల్చడానికి ఆయన దగ్గర ఒక దగ్గరిదారి ఉండేది. ఆ సంఖ్యకు ఒకటి తక్కువగా అన్ని రెండులను ఒకదానితో ఒకటి హెచ్చవేసి, వచ్చినదాన్ని ఆ సంఖ్యతోనే భాగిస్తే ఒకటి మిగలాలి. మూడుతో, అయిదుతో కూడా ఒకటే మిగిలితే ఇక అనుమానం అక్కర్లేదనీ, చిన్న సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూడడం గుమాస్తా పని అనీ ఆయన వాదం.

ఊరికే సరిచూడమని ఆ గుమాస్తా పని నాకు అప్పగించారు. నేను లెక్కల్లో బి.ఎ. మొదటి తరగతిలో ప్యాసయ్యాను. ఎం.ఎ.లో చేరతానంటే, ఈ సంఖ్య మీద తాను రాస్తున్న వ్యాసం అచ్చుకాగానే కాలేజీలో తమ శాఖాధిపతి అగాశే గారితో మాట్లాడతానన్నారు. ఆ ఆశతోనే పొయ్యి దగ్గర జొన్న భాకరీలు కాల్చుకుంటూ, పక్కన పలక పెట్టుకుని భాగిస్తూ పోయాను.

271 దగ్గర శేషం సున్నా వచ్చింది. పలక తుడిచి, తిరగేసి హెచ్చవేశాను. సరిపోయింది.

ఆయన అప్పటికే వ్యాసం టపాకు కడుతున్నారు.

"ఏమండీ, ఇది 271తో పోతోంది" అన్నాను.

ఆయన పలక వైపు చూడలేదు. "రెండూ, మూడూ, అయిదూ. మూడు నోళ్లు కలిసి ఒకే అబద్ధం ఆడతాయా, ఇందూ? తీసివేతలో ఎక్కడో తప్పి ఉంటావు. ముందు పొయ్యి మీద ఆమటి పప్పు చూడు, అడుగంటుతోంది."

వ్యాసం అచ్చయింది. వానాకాలంలో ఒక సాయంత్రం అగాశే గారు మా ఇంటికి వచ్చి ఉయ్యాలబల్ల మీద కూర్చున్నారు. గణిత సంఘంలో ఎవరో ఆ సంఖ్యను 271తో విడగొట్టారట. ఇలాంటి పరీక్ష ఎన్నిసార్లు పెట్టినా ప్రధాన సంఖ్యలాగే నటించే సంఖ్యలు కొన్ని ఉన్నాయని పెద్ద గణితజ్ఞులకు ఎప్పుడో తెలుసట.

మా ఆయన ముఖం మాడిపోయింది. "సరిచూసే పని మా ఆవిడ చేసింది సార్. నేను నమ్మాను."

నేను అటుకుల పోహే పళ్లెం అగాశే గారి ముందు పెట్టి, 271 సంగతి అప్పుడే చెప్పాననీ, ఈయన పలక వైపైనా చూడలేదనీ అన్నాను. లోపల అత్తగారు దగ్గారు.

అగాశే గారు నవ్వారు. "బాపట్, ఇంట్లో ఇంత యంత్రం పెట్టుకుని నీకు దగ్గరిదారులెందుకయ్యా?"

మా ఆయన కూడా నవ్వారు, గండం గడిచినట్టు. ఇదే సమయమని ఎం.ఎ. సీటు అడిగేశాను.

"ఎం.ఎ. ఏం చేసుకుంటారు వహినీ?" అన్నారు అగాశే గారు, నన్ను వదిన వరస చేసి. "ఆ సీటు ఒక మగపిల్లాడికి అన్నం పెడుతుంది. మీది మంచి చెయ్యి. మా శాఖలో సంఖ్యల పట్టికలు తయారవుతున్నాయి, కాస్త సరిచూసి పెట్టండి."

నేను నోరు తెరిచేలోగానే, "పంపించండి సార్, మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటుంది" అన్నారు మా ఆయన.

పట్టికల మొదటి కట్ట ఆ వారమే వచ్చింది. నా తరవాత దాన్ని ఎవరూ చూడరని తెలుసు. ఒక్క అంకె కావాలని తప్పు వేద్దామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. పని శుభ్రంగా ఉందని మెచ్చుకుని అగాశే గారు రెండో కట్ట పంపారు.